కంప్యూటర్ సైన్స్‌లో రీసెర్చ్ ఎలా చేయాలి: ఎం.టెక్, పీహెచ్‌డీలో కొత్తగా చేరినవాళ్ళకి మెట్టుమెట్టుగా

పీహెచ్‌డీలో చేరగానే కోర్స్‌వర్క్‌లో 'రీసెర్చ్ మెథడాలజీ' అని ఒక పేపర్ ఉంటుంది. 2022 నాటి యూజీసీ నిబంధనల ప్రకారం కోర్స్‌వర్క్ కనీసం 12 క్రెడిట్లు ఉండాలి. పరిశోధన, ప్రచురణల నైతికత మీద ఒక కోర్సు అందులో భాగం. పరిశోధన నిర్వచనం, రకాలు, ప్రశ్నావళి తయారీ, కై-స్క్వేర్ పరీక్ష, ఇవన్నీ చదువుతాం, రాస్తాం, పాసవుతాం. సోమవారం పొద్దున్నే ల్యాబ్‌కి వెళ్ళి సిస్టమ్ ముందు కూర్చుంటే మాత్రం ఏం మొదలుపెట్టాలో తోచదు. చాలాచోట్ల ఆ సిలబస్ అన్ని డిపార్ట్‌మెంట్లకీ కలిపి వేసిందే. కంప్యూటర్ సైన్స్‌లో ఒక మాట నిజమని ఎప్పుడు ఒప్పుకుంటారు, ఎప్పుడు ఒప్పుకోరు అన్నది అందులో దొరకదు.

ఈ వ్యాసం ఆ సోమవారం పొద్దుటి కోసం రాశాను. మొదటి నుంచి చివరి దాకా ఒకటే ఉదాహరణ పట్టుకుని వెళ్తాను: తెలుగు మాటని రాతగా మార్చే స్పీచ్ రికగ్నిషన్. నాకు తెలిసిన పని అది. మీది డేటాబేసులు కావచ్చు, నెట్‌వర్కులు కావచ్చు, మెట్లు పెద్దగా మారవు. నా దృష్టిలో రీసెర్చ్ పద్ధతి అంటే ఇంతే: మన ఫలితం తప్పు కావడానికి ఎన్ని దారులున్నాయో, అది చేతికి రాకముందే మనమే వెతికి పెట్టుకోవడం.

1. మీ ప్రశ్నకి ఏది సాక్ష్యం?

అలెన్ న్యూవెల్, హెర్బర్ట్ సైమన్ 1975లో ట్యూరింగ్ అవార్డు ఉపన్యాసంలో కంప్యూటర్ సైన్స్‌ని ప్రయోగాల మీద నడిచే శాస్త్రం అన్నారు. మనం కట్టే ప్రతి కొత్త యంత్రమూ, రాసే ప్రతి కొత్త ప్రోగ్రామూ ఒక ప్రయోగమేనని వాళ్ళ వాదన. కానీ మన రంగం మొత్తం అలా ఉండదు. ఒక అల్గారిథమ్ ఇంతకంటే వేగంగా నడవడం అసాధ్యం అంటే గణిత రుజువు కావాలి. వెయ్యిసార్లు నడిపి చూపించినా అది రుజువు కాదు. కొత్త స్టోరేజ్ సిస్టమ్ కట్టానంటే, అది నిజమైన పనిభారం కింద ఎలా నిలబడిందో కొలిచి చూపాలి. ఈ యాప్ రైతులకి వాడటం తేలిక అంటే రైతుల చేతికిచ్చి చూడాలి. దానికి ఎథిక్స్ కమిటీ అనుమతి, పాల్గొన్నవాళ్ళ సమ్మతి ముందే తీసుకోవాలి.

అందుకని మొదటి వారంలో ఒక పని చేయండి. మీ రంగంలో మంచి కాన్ఫరెన్స్ ఒకటి తీసుకుని, నిరుటి పేపర్లలో పది తీయండి. ఒక్కోదాని పక్కన 'వీళ్ళు చెప్పిన మాట ఏది, దానికి చూపించిన సాక్ష్యం ఏది' అని రెండే ముక్కలు రాయండి. పదో పేపర్ దగ్గరికి వచ్చేసరికి మీ రంగం దేన్ని సాక్ష్యంగా ఒప్పుకుంటుందో చాలావరకు అర్థమైపోతుంది. ఏ పాఠ్యపుస్తకంలోనూ ఇది ఇంత సూటిగా ఉండదు.

2. చదవడం

పేపర్‌ని నవలలా మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివితే నెలకి నాలుగు కూడా పూర్తికావు. ఎస్. కేశవ్ 2007లో రాసిన చిన్న వ్యాసంలో మూడు దఫాల పద్ధతి చెప్పారు. నేను చూసినవాటిలో పనికొచ్చేది అదే. మొదటి దఫా ఐదు పది నిమిషాలు: శీర్షిక, సారాంశం, ఉపోద్ఘాతం, ఉపశీర్షికలు, ముగింపు. రెండో దఫా ఓ గంట: బొమ్మలు, పట్టికలు జాగ్రత్తగా చూడటం, రుజువుల వివరాలు వదిలేయడం. మూడో దఫాలో ఆ పేపర్‌ని మనసులో మళ్ళీ కట్టుకుంటూ వెళ్ళడం: ఇదే పని నేను చేస్తే ఇక్కడ ఏం చేసేవాణ్ణి, వాళ్ళు ఎందుకు అలా చేశారు అని. మూడో దఫా దాకా వచ్చే పేపర్లు ఏడాదికి ఇరవై ముప్పై ఉంటే చాలు.

వెతకడానికి గూగుల్ స్కాలర్ అందరికీ తెలిసిందే. డీబీఎల్‌పీ చాలామందికి తెలియదు. 1993 నుంచి జర్మనీలోని ట్రియర్‌లో నడుస్తున్న కంప్యూటర్ సైన్స్ గ్రంథసూచి అది. ఒక పేపర్ నిజంగా ఏ ఏడాది, ఎక్కడ అచ్చయిందో అక్కడ సరిచూసుకోవచ్చు. చాట్‌బాట్‌ని అడిగి రిఫరెన్సులు తీసుకునేవాళ్ళు ప్రతి ఒక్కదాన్నీ అక్కడ సరిచూసి తీరాలి. లేని పేపర్లకి అచ్చం నిజమైన పేర్లలాంటివి పుట్టించడం ఆ పరికరాలకి అలవాటు. ప్రభుత్వ సంస్థల్లో చదివేవాళ్ళకి 2025 జనవరి 1 నుంచి 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' కింద 30 మంది ప్రచురణకర్తల పత్రికలు, దాదాపు 13,000, అందుబాటులోకి వచ్చాయి. మీ కాలేజీ ఆ జాబితాలో ఉందో లేదో లైబ్రేరియన్‌ని అడగండి. లేకపోయినా పేపర్లు ఉచితంగా పెట్టే ఆర్కైవ్ (arXiv) సైట్‌లోనో రచయితల సొంత పేజీలోనో చాలా పేపర్లు ఉచితంగానే దొరుకుతాయి. మన దేశపు థీసిస్‌లు కావాలంటే శోధ్‌గంగ ఉంది.

మంచి పేపర్ ఒకటి దొరికాక దాని రిఫరెన్సులు చూస్తే వెనక్కి వెళ్తారు. 'దీన్ని ఉదహరించినవి' నొక్కితే ముందుకి వస్తారు. కొత్తవాళ్ళు ఈ రెండోది మర్చిపోతారు. ఆ పేపర్‌ని తప్పని చూపించిన పేపర్ ఉంటే, అది దొరికేది అక్కడే.

3. ప్రశ్నని ఒక పేజీలో పెట్టడం

'తెలుగు స్పీచ్ రికగ్నిషన్ మెరుగుపరచడం' అనేది ప్రశ్న కాదు, టాపిక్. ప్రశ్నకి అవునో కాదో, ఎంతో, ఎప్పుడో అని జవాబు రావాలి.

ఇక్కడ మన ఊరివాడి కథే ఒకటి ఉంది. అప్పటి చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో పుట్టిన రాజ్ రెడ్డి స్టాన్‌ఫర్డ్‌లో 1966లో పీహెచ్‌డీ పూర్తిచేసి, 1969లో కార్నెగీ మెలన్‌కి వెళ్ళారు. 1971లో అమెరికా రక్షణశాఖ పరిశోధన సంస్థ ఆర్పా, మాటని అర్థం చేసుకునే యంత్రాల కోసం ఐదేళ్ళ కార్యక్రమం మొదలుపెట్టింది. 'యంత్రం మాట వినాలి' అని రాసి ఊరుకోలేదు వాళ్ళు. 1000 పదాల పదకోశం, నిశ్శబ్దమైన గది, సహకరించే వక్తలు, ఆపకుండా మాట్లాడే మాట, అర్థంలో తప్పులు 10 శాతం లోపు, ఇలా హద్దులు ముందే గీసుకున్నారు. 1976లో కార్నెగీ మెలన్ కట్టిన హార్పీ 1011 పదాలతో ఆ హద్దు దాటింది. హద్దు కాగితం మీద ఉంది కాబట్టే దాటిందని చెప్పగలిగారు. రాజ్ రెడ్డికి 1994లో ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిపి ట్యూరింగ్ అవార్డు వచ్చింది.

మీ ప్రశ్ననీ అలా రాయండి. 'తెలంగాణ పల్లెల్లో 50 ఏళ్ళు దాటినవాళ్ళ మాటల మీద, ఇప్పుడున్న మోడల్‌ని పది గంటల స్థానిక ఆడియోతో ఫైన్‌ట్యూన్ చేస్తే (అంటే అదనంగా శిక్షణ ఇస్తే), అంతే ఆడియో నగరం నుంచి తీసుకుని చేసినదానికంటే తప్పులు తగ్గుతాయా?' ఇది ప్రశ్న. ఎవరి మీద, దేనితో పోల్చి, దేన్ని కొలుస్తున్నామో ఇందులో ఉంది. జవాబు 'కాదు' అని వచ్చినా ఒక సంగతి తెలుస్తుంది. 'కాదు' వస్తే ఏమీ తెలియని ప్రశ్నని ఎంచుకోకండి, రెండేళ్ళు పోతాయి.

ఆర్పాలోనే 1975 నుంచి 1977 దాకా డైరెక్టర్‌గా ఉన్న జార్జ్ హైల్‌మైయర్, ప్రతి ప్రతిపాదనకీ కొన్ని ప్రశ్నలు వేసేవారు. ఏం చేయబోతున్నావో పరిభాష లేకుండా చెప్పు. ఇవాళ ఆ పని ఎలా జరుగుతోంది, దాని హద్దులేంటి? నీ దారిలో కొత్తదేంటి? ఎవరికి పనికొస్తుంది? ఎంత ఖర్చు, ఎంత కాలం? సఫలమైందని మధ్యలో, చివర్లో ఎలా తెలుస్తుంది? వీటికి ఒక పేజీలో జవాబులు రాయండి, తెలుగులో. ఇంగ్లీషులో రాస్తే 'రోబస్ట్', 'నావెల్', 'స్కేలబుల్' లాంటి మాటల వెనక మనకి తెలియనిదంతా దాగిపోతుంది. ఇంట్లో అమ్మకో అన్నయ్యకో తెలుగులో చెప్పబోయి ఎక్కడ తడుముకున్నారో, మీ ప్రశ్నలో ఖాళీ అక్కడే ఉంది.

4. ముందు పాత పనిని మీ చేత్తో మళ్ళీ చేయండి

సొంత ఆలోచన మీద కోడ్ రాయడానికి ముందు, మీకు బాగా దగ్గరైన పేపర్ ఒకటి తీసుకుని దాని ప్రధాన పట్టికలోని ఒక అంకెని మీరే రాబట్టండి. నెల పట్టినా ఫర్వాలేదు. ఎక్కువమంది విద్యార్థులు దాటేసే మెట్టు ఇదే. నా లెక్కన అన్నిటికంటే ఎక్కువ నేర్పేదీ ఇదే.

మనకి ఏం నచ్చుతుందో ఊహించి సూచించే రికమెండర్ సిస్టమ్స్‌లో 2019లో ఇదే పని చేసిన ఇటలీ, ఆస్ట్రియా పరిశోధకుల పేపర్‌కి ఆ ఏటి రెక్‌సిస్ కాన్ఫరెన్స్‌లో ఉత్తమ పేపర్ బహుమతి వచ్చింది. పెద్ద కాన్ఫరెన్సుల్లో అచ్చయిన 18 డీప్ లెర్నింగ్ పద్ధతుల్ని తీసుకుంటే, తగినంత శ్రమతో తిరిగి నడిపించగలిగినవి 7 మాత్రమే. ఆ ఏడింటిలో 6, పక్కవాళ్ళకి నచ్చినవి చూపించడం లాంటి సాదాసీదా పద్ధతుల్ని సరిగ్గా ట్యూన్ చేస్తే వాటి ముందు చాలాసార్లు ఓడిపోయాయి. అంత పెద్ద తప్పు ఎక్కడ జరిగింది? ఎక్కువగా బేస్‌లైన్ దగ్గర. తమ పద్ధతిని శ్రద్ధగా సానబెట్టి, పోల్చదలచినదాన్ని డిఫాల్ట్ సెట్టింగులతో వదిలేయడం.

సిస్టమ్స్ రంగంలోనూ అదే కథ. 2015లో ఫ్రాంక్ మెక్‌షెర్రీ, మరో ఇద్దరు కలిసి ఒక లెక్క చూపించారు. ట్విట్టర్‌లో ఎవరు ఎవరిని అనుసరిస్తారో చూపే గ్రాఫ్ మీద పేజ్‌ర్యాంక్ (ఏది ముఖ్యమో లెక్కకట్టే అల్గారిథమ్) 20 విడతలు నడపడానికి, పనిని చాలా యంత్రాలకి పంచే స్పార్క్ సిస్టమ్‌కి 128 కోర్ల మీద 857 సెకన్లు పట్టిందని అచ్చయి ఉంది. వాళ్ళు ల్యాప్‌టాప్ మీద ఒకే థ్రెడ్‌తో 300 సెకన్లలో ముగించారు. 'మా సిస్టమ్ కోర్లు పెంచేకొద్దీ వేగం పెరుగుతుంది' అన్న మాట నిజమే. కానీ అసలు పోల్చాల్సింది దేనితో అన్నది ఎవరూ అడగలేదు.

తిరిగి చేయడంలో రెండు రకాలున్నాయి. 2020 నుంచి కంప్యూటర్ శాస్త్రవేత్తల సంఘం ఏసీఎం వాడుతున్న అర్థంలో, అసలు రచయితల కోడ్, డేటాతో వేరేవాళ్ళు అదే ఫలితం రాబడితే అది రీప్రొడ్యూసిబిలిటీ. వాళ్ళవి ఏవీ వాడకుండా సొంతంగా కట్టి రాబడితే రెప్లికబిలిటీ. మొదటిదానితో మొదలుపెట్టండి. అంకె కలవకపోతే రచయితలకి మర్యాదగా ఒక ఈమెయిల్ రాయండి, ఏ వెర్షన్, ఏ సెట్టింగ్, మీకు ఎంత వచ్చింది అన్నీ పెట్టి.

5. కొలబద్దని అనుమానించండి

ఇక్కడ కాస్త ఆగాలి. తెలుగు మీద పనిచేసేవాళ్ళు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే.

స్పీచ్ రికగ్నిషన్‌లో వాడే కొలత వర్డ్ ఎర్రర్ రేట్. సరైన వాక్యంలో ఎన్ని పదాలున్నాయి, యంత్రం రాసినదాన్ని దానిలా మార్చడానికి ఎన్ని పదాలు మార్చాలి, చేర్చాలి, తీసేయాలి, ఈ రెండింటి నిష్పత్తి. ఇంగ్లీషుకి బాగానే పనిచేస్తుంది. ఇప్పుడు మన వాక్యం చూడండి.

సరైనది: తమ్ముడు సాఫ్ట్‌వేర్ ఆఫీసుకు వెళ్ళాడు
యంత్రం రాసింది: తమ్ముడు సాఫ్ట్వేర్ ఆఫీసుకి వెళ్లాడు

నాలుగు పదాల్లో మూడు 'తప్పు'. ఎర్రర్ రేట్ 75 శాతం. ఆ వాక్యం చదివిన తెలుగువాళ్ళెవరికీ ఒక్క తప్పూ కనిపించదు. ఆ మూడూ ఒకే రకం తేడాలు కావు. 'సాఫ్ట్‌వేర్'లో ట్ తర్వాత కంటికి కనపడని యూనికోడ్ అక్షరం ఒకటుంది, జీరో విడ్త్ నాన్ జాయినర్. అది ఉంటే వ విడిగా నిలుస్తుంది, లేకపోతే వత్తుగా కిందికి దిగుతుంది. పలుకులో తేడా లేదు. 'ఆఫీసుకు', 'ఆఫీసుకి' పలుకులో వేరు, అర్థం ఒకటే. 'వెళ్ళాడు', 'వెళ్లాడు' రాతలో మాత్రమే వేరు, పత్రికకొక పద్ధతి. వీటిలో ఏది తప్పుగా లెక్కపెట్టాలి? నా తీర్పు అడిగితే మొదటిదీ మూడోదీ తప్పు కావు, రెండోది తప్పే. యంత్రం పని విన్నది రాయడం కదా. మీరు వేరేలా అనుకోవచ్చు. ఏదనుకున్నా దాన్ని ప్రయోగానికి ముందు రాసిపెట్టుకోవాలి, పేపర్‌లో చెప్పాలి. ఫలితం చూశాక నియమం పెడితే, మనకి తెలియకుండానే మన పద్ధతికి అనుకూలంగా పెడతాం.

ఇది నేను పడ్డ గుంటే. రీసెర్చ్ మొదలుపెట్టిన కొత్తలో నా మోడల్‌లో ఎర్రర్ రేట్ ఒక్కసారిగా బాగా తగ్గింది. సంతోషంగా పట్టిక పట్టుకుని గైడ్ దగ్గరికి వెళ్ళాను. ఆయన అంకెల వంక చూడలేదు. "తగ్గింది సరే. ఏ వాక్యాలు బాగుపడ్డాయో ఓ ఇరవై ప్రింట్ తీసుకురా" అన్నారు. తెచ్చాను. పెన్ను పట్టుకుని ఒక్కో వాక్యం చదువుతూ, "ఇందులో ఏం మారింది?" అని అడిగారు. నాకేం కనిపించలేదు. రెండోదీ అంతే. ఇరవైలో ఎక్కువభాగం చదివితే ఒకేలా ఉన్నాయి. నా అవుట్‌పుట్ శుభ్రం చేసే స్క్రిప్టు ఆ కనపడని అక్షరాన్ని నా వైపు, సరైన వాక్యాల వైపు తీసేస్తోంది. బేస్‌లైన్ అవుట్‌పుట్‌కి ఆ స్క్రిప్టే నడపలేదు. రెండింటికీ ఒకేలా నడిపాక మిగిలిన తేడా చెప్పుకునేంత లేదు. ఆయన కోప్పడలేదు. "ఇక నుంచి అంకె తెచ్చినప్పుడల్లా ఇరవై వాక్యాలు కూడా తేవాలి" అన్నారు. ఇప్పటికీ అలాగే చేస్తున్నాను.

ఇంకో గుంట ఇంతకంటే లోతు. ఓపెన్‌ఏఐ 2022లో విడుదల చేసిన విస్పర్ అనే స్పీచ్ రికగ్నిషన్ మోడల్‌తో పాటు, కొలవడానికి ముందు రాతని సరిచేసే బేసిక్ నార్మలైజర్ ఒకటి వస్తుంది. విరామచిహ్నాలతో పాటు, యూనికోడ్‌లో 'గుర్తులు' అనే వర్గానికి చెందిన ప్రతిదాన్నీ అది తీసేసి ఖాళీ పెడుతుంది. యూరప్ భాషలకి పెద్ద నష్టం లేదు. మన గుణింతాలు, పొల్లు, సున్నా మొత్తం ఆ వర్గమే. దాంతో 'తెలుగు' అన్న పదం 'త ల గ' అని మూడు ముక్కలవుతుంది. 'పాలు' అన్నా 'ప ల'. 'పులి' అన్నా 'ప ల'. యంత్రం పాలని పులి అని రాసినా తప్పు లెక్కలోకి రాదు! పైగా పదాల సంఖ్య పెరిగి ఎర్రర్ శాతం ఇంకా తగ్గుతుంది. భారతీయ భాషలకి దీనివల్ల ఫలితాలు ఉన్నదానికంటే బాగా కనిపిస్తాయని 2024లో కేరళ పరిశోధకులు ఒక పేపర్‌లో వివరంగా చూపించారు. ఇక్కడ ఎవరూ మోసం చేయలేదు. అందరూ వాడుతున్న లైబ్రరీని అందరిలాగే వాడారు, అంతే.

మీ రంగం ఏదైనా, కొలత ఇచ్చే కోడ్‌ని ఒక్కసారైనా తెరిచి వరుస వరుసా చదవండి. తర్వాత చేత్తో లెక్క కట్టగలిగే ఐదు చిన్న ఉదాహరణలు చేసి, అది ఇచ్చే జవాబు, మీరు కాగితం మీద వేసిన జవాబు కలుస్తున్నాయో చూడండి. ఒక సాయంత్రం పని.

6. ప్రయోగం

డేటాని ట్రెయినింగ్, టెస్ట్ అని విడగొట్టేటప్పుడు వాక్యాల్ని కలగలిపి పంచితే చాలనుకుంటారు. స్పీచ్‌లో అలా చేస్తే ఒకే మనిషి గొంతు రెండు వైపులా పడుతుంది. మోడల్ ఆ గొంతుని గుర్తుపెట్టుకుంటుంది, తెలుగుని కాదు. మనుషుల్ని విడగొట్టాలి. చదివించి రికార్డు చేసిన డేటాసెట్లలో ఒకే వాక్యాన్ని పదిమంది చదివి ఉంటారు కాబట్టి వాక్యాలూ రెండు వైపులా పడకూడదు. ఆసుపత్రి చిత్రాలైతే రోగి వారీగా, సాఫ్ట్‌వేర్ బగ్గులైతే తేదీ వారీగా. ముందే శిక్షణ పొందిన పెద్ద మోడల్ వాడుతుంటే ఇంకో చిక్కు: విస్పర్ మొదటి వెర్షన్ 6,80,000 గంటల ఆడియో మీద శిక్షణ పొందింది, ఆ ఆడియో బయటికి ఇవ్వలేదు. మీ టెస్ట్ వాక్యాలు అందులో లేవని మీరు నిరూపించలేరు. వీలైతే కొంత టెస్ట్ డేటా మీరే కొత్తగా రికార్డు చేయండి.

టెస్ట్ సెట్‌ని తరచూ తెరవకండి. మార్పులన్నీ డెవలప్‌మెంట్ సెట్ (ఇందుకోసమే విడిగా తీసిపెట్టుకున్న డేటా) మీద చూసుకుని, టెస్ట్‌ని చివర్లో ముట్టుకోండి. టెస్ట్ సెట్ కూడా వేదవాక్కు కాదు. ఎంతో పేరున్న ఇమేజ్‌నెట్ చిత్రాల వ్యాలిడేషన్ సెట్‌లోనే దాదాపు 6 శాతం లేబుళ్ళు తప్పని 2021లో తేలింది. మీ టెస్ట్ సెట్‌లోంచి వంద వాక్యాలు తీసి ఆడియో విని, రాత సరిగ్గా ఉందో లేదో స్వయంగా చూసుకోండి.

మీ పద్ధతిలో మూడు మార్పులుంటే, ఒక్కోటి తీసేసి మళ్ళీ నడపండి. దీన్నే అబ్లేషన్ అంటారు. మూడింట్లో ఒకటే మొత్తం పని చేస్తోందని తేలితే నిరాశ పడొద్దు. మీ పేపర్ ఇప్పుడు చెప్పడానికి ఇంకా తేలిక.

వేగాన్ని కొలిచేవాళ్ళకి ప్రత్యేకంగా ఒక మాట. 2009లో అస్‌ప్లాస్ కాన్ఫరెన్స్‌లో వచ్చిన ఒక పేపర్ యూనిక్స్ ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ ఎన్ని బైట్లు ఉన్నాయన్నదాన్ని బట్టి ప్రోగ్రామ్ వేగం మారిపోతుందని చూపించింది. స్టాక్ మొదలయ్యే చిరునామా జరుగుతుంది, అంతే. కంపైలర్ ఆప్టిమైజేషన్‌లో ఓ2 స్థాయి కంటే ఓ3 స్థాయి మేలా కాదా అన్న జవాబే తారుమారవుతుంది. అప్పటి 133 పేపర్లు పరిశీలిస్తే ఒక్కటీ ఈ సంగతిని సరిగ్గా లెక్కలోకి తీసుకోలేదు. అందుకే ఒకే సెటప్‌లో వందసార్లు నడపడం కంటే, సెటప్‌ని రకరకాలుగా మారుస్తూ నడపడం మేలు.

ఇక నోట్‌బుక్. రోజూ సాయంత్రం ఐదు నిమిషాలు: ఇవాళ ఏ ప్రయోగం నడిపాను, గిట్ కమిట్ నంబర్ ఏది, కాన్ఫిగ్ ఫైల్ ఏది, సీడ్ (యాదృచ్ఛిక సంఖ్యలు మొదలయ్యే అంకె) ఎంత, నడిపే ముందు ఏం వస్తుందనుకున్నాను, ఏం వచ్చింది. 'ఏం వస్తుందనుకున్నాను' అన్న ముక్క తప్పకుండా ముందే రాయండి. అనుకున్నదానికీ వచ్చినదానికీ పొంతన లేని రోజే మీ పరిశోధన నిజంగా కదిలే రోజు.

7. ఆ తేడా నిజమా?

బేస్‌లైన్ ఎర్రర్ 24.1, మీది 23.5 అనుకుందాం. గెలిచారా?

ముందు సీడ్ సంగతి. 2018లో రీఇన్‌ఫోర్స్‌మెంట్ లెర్నింగ్ (చేసిన పనికి వచ్చే ఫలితాన్ని బట్టి యంత్రం నేర్చుకోవడం) మీద వచ్చిన ఒక పేపర్‌లో ఒకే అల్గారిథమ్‌ని, ఒకే సెట్టింగులతో, సీడ్ మాత్రం మార్చి పదిసార్లు నడిపారు. ఆ పదినీ ఐదైదుగా విడగొట్టి సగటు గీస్తే, రెండూ వేర్వేరు అల్గారిథమ్‌లేమో అన్నంత ఎడంగా వచ్చాయి. కనుక మీ మోడల్‌నీ, బేస్‌లైన్‌నీ కనీసం ఐదు సీడ్లతో నడపండి. అన్నీ చూపించండి, బాగున్నది ఒక్కటే కాదు. జీపీయూ అంత దొరకదంటే చిన్న మోడల్ మీద ఐదుసార్లు నడపడం, పెద్దదాని మీద ఒక్కసారి నడపడం కంటే నయం.

తర్వాత టెస్ట్ సెట్ సంగతి. 20 మంది, ఒక్కొక్కరివి 50 వాక్యాలు, మొత్తం 1000. చాలామంది దీన్ని వెయ్యి స్వతంత్ర పరిశీలనలుగా లెక్కేస్తారు. కానీ ఒకరి గొంతు మోడల్‌కి అంతుబట్టకపోతే వాళ్ళ 50 వాక్యాలూ కలిసే పోతాయి. నిజానికి మీ దగ్గరున్నవి 20 పరిశీలనలకి దగ్గర. దీనికి పెద్ద గణితం అక్కర్లేదు, బూట్‌స్ట్రాప్ చాలు. 20 పేర్లు చీటీల మీద రాసి డబ్బాలో వేశారనుకోండి. ఒక చీటీ తీసి, పేరు రాసుకుని, మళ్ళీ డబ్బాలో వేయండి. ఇలా 20 సార్లు. కొందరు రెండుసార్లు వస్తారు, కొందరు అసలు రారు. ఆ 20 పేర్ల వాక్యాల మీద రెండు మోడళ్ళ ఎర్రర్లూ కట్టి, తేడా రాసుకోండి. కంప్యూటర్‌తో ఇదంతా 1000 సార్లు చేయిస్తే 1000 తేడాలు వస్తాయి. వరుసలో పెట్టి కింది 25, పై 25 తీసేయండి. మిగిలినదే 95 శాతం విశ్వాస అంతరం. అది 0.1 నుంచి 1.1 దాకా ఉంటే మీ పద్ధతి మెరుగని చెప్పొచ్చు. మైనస్ 0.4 నుంచి 1.6 దాకా ఉంటే సున్నా మధ్యలో ఉంది, ఈ డేటాతో ఇంకా తేలలేదనే రాయాలి. పైథాన్‌లో ఇది ఇరవై లైన్లు.

పీ-విలువ (నిజంగా తేడా లేకపోయినా ఇంత తేడా యాదృచ్ఛికంగా కనిపించే అవకాశం) గురించి ఒక్కటే చెప్తాను: పది రకాల పోలికలు చేసి, అందులో 0.05 కంటే తక్కువ వచ్చిన ఒక్కదాన్నే పేపర్‌లో పెట్టకండి. పది చేశామని చెప్పి, పదీ పెట్టండి.

8. రాయడం, పంపడం

ప్రయోగాలన్నీ అయ్యాక రాద్దామనుకోవద్దు. ఒక పేజీ ప్రశ్న రాసిన రోజే పేపర్ ఫైల్ తెరిచి, ఉపోద్ఘాతం చిత్తుగా రాసేయండి. ఖాళీ పట్టికలు గీసి పెట్టండి, ఏ గడిలో ఏ అంకె రావాలో తెలుస్తుంది. హద్దుల గురించిన విభాగంలో మొహమాటం వద్దు. '20 మంది గొంతులే, అందరూ రెండు జిల్లాలవాళ్ళే' అని మీరే రాస్తే, రివ్యూవర్ అదే మాటని తప్పుగా ఎత్తిచూపే పని ఉండదు.

ఇతరుల వాక్యాల్ని అటూ ఇటూ మార్చి పెట్టుకోవడం మన దగ్గర పాత జబ్బు. 2018 యూజీసీ నిబంధనల్లో 10 శాతం లోపు పోలికకి శిక్ష లేదు. 10 నుంచి 40 దాకా అయితే సరిదిద్ది ఆరు నెలల్లోపు మళ్ళీ ఇవ్వాలి, 60 దాటితే రిజిస్ట్రేషనే రద్దు. కానీ సాఫ్ట్‌వేర్ చూపించే శాతం తగ్గించుకోవడం కాదు చేయాల్సింది. పేపర్ మూసేసి, అర్థమైనది మీ మాటల్లో రాసి, తర్వాత తెరిచి సరిచూసుకోండి. మూసేశాక రాయలేకపోతే ఇంకా అర్థం కాలేదని.

ఎక్కడికి పంపాలి? 2022 నిబంధనల తర్వాత థీసిస్ ఇవ్వడానికి ముందు జర్నల్ పేపర్ ఉండాలన్న షరతు యూజీసీ తీసేసింది. మీ యూనివర్సిటీ సొంతంగా పెట్టి ఉండొచ్చు, కనుక్కోండి. మంచి జర్నళ్ళ జాబితాగా యూజీసీ నడిపిన కేర్ జాబితాని కూడా 2025లో ఆపేశారు కాబట్టి, జర్నల్ మంచిదో కాదో చూసుకునే బాధ్యత ఇప్పుడు మనదీ మన సంస్థదీ. వారంలో అచ్చేస్తాం, ఇంత కట్టండి అని ఈమెయిల్ వస్తే అటు వెళ్ళొద్దు. మొదటి వారంలో మీరు చదివిన పది పేపర్లు ఎక్కడ అచ్చయ్యాయో, అక్కడికే లేదా దాని వర్క్‌షాప్‌కి పంపండి.

తిరస్కరణ వస్తుంది. 2014లో నేడు న్యూరిప్స్ అంటున్న మెషీన్ లెర్నింగ్ కాన్ఫరెన్స్ నిర్వాహకులు 166 పేపర్లని రెండు వేర్వేరు కమిటీలకి ఇచ్చి చూశారు. 43 పేపర్ల మీద తీర్పులు కలవలేదు. ఒక కమిటీ తీసుకున్నవాటిలో సగానికి పైగా రెండో కమిటీ వద్దంది. అంటే ఒక్క తిరస్కరణతో మీ పని పనికిరానిదని కాదు. రివ్యూలు వచ్చిన రోజు చదివి పక్కన పెట్టేయండి. రెండు రోజుల తర్వాత తెరిచి, ఒక్కో వ్యాఖ్యకీ ఎదురుగా 'చేస్తాను', 'ఇప్పటికే చేశాను గానీ వాళ్ళకి కనపడేలా రాయలేదు', 'ఒప్పుకోను, కారణం ఇది' అని మూడింట్లో ఒకటి రాయండి. నా అనుభవంలో ఎక్కువ వ్యాఖ్యలు రెండో గుంపులో పడతాయి.

పేపర్ అచ్చయ్యేలోపు కోడ్ బయట పెట్టండి. పెట్టే ముందు ల్యాబ్‌లో జూనియర్ ఒకరిని పిలిచి, రీడ్‌మీ ఒక్కటే చేతికిచ్చి, వాళ్ళ సిస్టమ్ మీద ప్రధాన పట్టికలోని ఒక అంకె రాబట్టమనండి. పక్కనే కూర్చోండి, నోరు విప్పకండి. "అక్కా, ఈ ఫైల్ ఎక్కడుంది?", "అన్నా, ఇక్కడ ఏ వెర్షన్ వేయాలి?" అని వాళ్ళు ఎక్కడ ఆగి అడిగారో, రీడ్‌మీలో సరిగ్గా అక్కడ ఒక వాక్యం చేర్చండి.